అంపైరు తలేమైనా ఇనుమా?

తెనాలి నుంచి ఒక పెద్దాయన నాలుగు పేజీల ఉత్తరం రాశారు. బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారట. కొడుకు అమెరికాలో, టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పదేళ్ళ మనవడు అక్కడి పిల్లలతో కలిసి శనివారాలు బేస్‌బాల్ ఆడతాడు. తండ్రులే వంతులవారీగా కోచ్‌లుగా ఉంటారట. ఈయన కొడుకు మొదటి బేస్ పక్కన నిలబడి పిల్లల్ని పరుగెత్తమనో ఆగమనో కేకలు వేస్తుంటాడు. కిందటి నెలలో ఒక బంతి అతని చెవి పక్కనుంచి రివ్వున పోయింది. ఆ రోజు నుంచి కోడలు హెల్మెట్టు పెట్టుకోమని పోరుతోంది. అతగాడేమో, "పిల్లల ఆటకి నాకు హెల్మెట్టేమిటి, నలుగురూ నవ్వరూ?" అంటున్నాడు. "మావాడు నా మాట వినడు. మీరు పత్రికలో రాస్తే చదివి వినిపిస్తానంటోంది మా కోడలు" అని ముగించారు పెద్దాయన. చివర్లో, తానుకూడా వచ్చే వేసవికి అక్కడికి వెళ్తున్నాననీ, గుండె కవాటం మార్చినప్పటినుంచి రక్తం పలచబరిచే మాత్రలు వాడుతున్నాననీ రెండు ముక్కలు చేర్చారు. ఆ రెండు ముక్కల సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఆట సంగతి. బేస్‌బాల్ చూడని వారికి రెండు మాటల్లో చెప్పాలంటే, ఒక చతురస్రాన్ని మూలమీద నిలబెట్టినట్టుగా ఉంటుంది మైదానం. కింది మూల దగ్గర బ్యాటు పట్టుకున్నవాడు నిలబడతాడు. మిగిలిన మూడు మూలల్లో మూడు బేస్‌లు. బంతిని కొట్టి మొదటి బేస్‌కు, వీలైతే రెండో దానికి, మూడో దానికి, చివరకు బయలుదేరిన చోటికి పరుగెత్తాలి. బ్యాటింగు జట్టు కోచ్‌లు ఇద్దరు మొదటి, మూడో బేస్‌ల పక్కన గీత అవతల నిలబడి, పరుగెత్తేవాడికి దారి చూపిస్తుంటారు. బ్యాట్స్‌మన్ వెనక బంతిని పట్టే క్యాచర్, అతని వెనక వంగి అంపైరు. మిగతా అంపైర్లు బేస్‌ల దగ్గర. క్యాచర్‌కీ అతని వెనకున్న అంపైరుకీ ముఖానికి జాలీ ఉంటుంది, ఛాతీకి కవచం ఉంటుంది. బేస్ దగ్గరి కోచ్‌కు చాలాకాలంపాటు గుడ్డ టోపీ ఒక్కటే ఉండేది. బేస్‌ల దగ్గర నిలబడే అంపైర్లకు నేటికీ అంతే.

బ్యాట్స్‌మన్ నుంచి మొదటి బేస్‌కు 90 అడుగులు. గట్టిగా కొట్టిన బంతి గంటకు 160 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. లెక్క కడితే ఆ 90 అడుగులు దాటడానికి ఒక సెకనులో అరవై శాతం కాలం పడుతుంది. కన్ను చూసిన విషయం మెదడుకు చేరి, మెదడు కండరాలకు ఆజ్ఞ ఇవ్వడానికే ఇందులో మూడో వంతు పోతుంది. మిగిలిన కాలంలో తల తప్పించుకోవాలి. అదీ బంతిని మొదటి క్షణం నుంచి చూస్తూ ఉంటే! కోచ్ పని బంతిని చూడడం కాదు, పరుగెత్తేవాడిని చూడడం. చేతికి గ్లవ్ అయినా ఉండదు. పిల్లల ఆటలో దెబ్బ మెల్లగా ఉంటుంది గదా అంటారేమో. నిజమే. కాని పిల్లల మైదానంలో బేస్‌ల మధ్య దూరం కూడా 60 అడుగులే.

2007 జూలై 22న అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రంలో, నార్త్ లిటిల్ రాక్ అనే ఊళ్ళో ఒక మాచ్ జరిగింది. పెద్ద జట్లకు కింది మెట్టుగా ఉండే లీగ్ అది. టల్సా డ్రిల్లర్స్ జట్టుకు మైక్ కూల్‌బా అనే ఆయన మొదటి బేస్ కోచ్. వయసు 35. కోచ్‌గా చేరి నెల కూడా కాలేదు. సొంత జట్టు బ్యాట్స్‌మనే కొట్టిన బంతి గీత దాటి తిన్నగా వచ్చి ఆయనకు తగిలింది. అక్కడికక్కడే పడిపోయారు. ఆసుపత్రికి తీసుకువెళ్ళారుగాని ప్రాణం దక్కలేదు. ఇద్దరు కొడుకులు, భార్య గర్భవతి.

తలకు తగిలిందని చాలామంది అనుకున్నారు. శవపరీక్షలో తేలింది వేరు. బంతి ఎడమ చెవికి కొంచెం దిగువన, మెడకు తగిలింది. మన మెడ ఎముకల్లో రెండువైపులా సన్నని రంధ్రాలుంటాయి. వాటిగుండా ఒక్కొక్క ధమని పైకి పాకి, మొట్టమొదటి మెడ ఎముక దగ్గర ఒక వంపు తిరిగి, పుర్రెలోకి ప్రవేశించి మెదడు వెనక భాగానికి రక్తం అందిస్తుంది. ఆ వంపు దగ్గర దానికి ఎముక కాపలా లేదు. కూల్‌బాకు తగిలిన బంతి ఆ ధమనిని ఎముకకు వేసి నలిపేసింది. మెదడు అడుగున రక్తం చిమ్మింది. ఊపిరి, గుండె ఆడే కేంద్రాలు ఉండేది అక్కడే.

ఆ ఏడాది నవంబరులోనే మేజర్ లీగ్ పెద్దలు సమావేశమై, 2008 నుంచి బేస్ కోచ్‌లు హెల్మెట్టు పెట్టుకొని తీరాలన్నారు. కోచ్‌లందరూ సంతోషించారనుకోకండి. లారీ బోవా వంటి పేరున్న పాతకాపు బాహాటంగానే విసుక్కున్నారు. ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడెందుకు అన్నారు. ఈ మాట నాకు కొత్త కాదు. స్కూటరు తోలేవారి నోట రోజూ వింటున్నదే. బేస్‌బాల్‌లో బ్యాట్స్‌మన్లు కూడా ఇలాగే అన్నారు. 1920లో రే చాప్‌మన్ అనే ఆటగాడు బంతి తలకు తగిలి మరునాడు చనిపోయాడు. మేజర్ లీగ్ బ్యాట్స్‌మన్లందరికీ హెల్మెట్టు తప్పనిసరి అన్న నియమం వచ్చింది 1971లో. అదీ అప్పటికే ఆడుతున్న వారికి మినహాయింపుతో. ఆ మినహాయింపు వాడుకున్న చివరి ఆటగాడు 1979 దాకా ఉత్త టోపీతోనే ఆడాడు. యాభై ఏళ్ళు పట్టిన పని కోచ్‌ల విషయంలో నాలుగు నెలల్లో అయిందంటే సంతోషించాల్సిందే.

అయితే ఇక్కడొక చిక్కుంది. కోచ్‌లలో చాలామంది పెట్టుకునేది చెవులు కప్పని, డిప్పవంటి హెల్మెట్టు. ఎవరి చావు చూసి ఆ నియమం పెట్టారో, ఆయన ఆ రోజు అదే పెట్టుకొని ఉన్నా బతికేవారు కారు. దెబ్బ తగిలిన చోటు దాని అంచుకు దిగువన ఉంది మరి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, "చూశారా, హెల్మెట్టు ఉన్నా లాభం లేదు" అనే వాదన వెంటనే బయలుదేరుతుంది. ఆ వాదన తప్పు. హెల్మెట్టు ఏం చేస్తుందో, ఏం చెయ్యలేదో తెలుసుకుంటే తప్పని మీకే తెలుస్తుంది.

మామిడిపళ్ళు బుట్టలో పెట్టి దూరపు ఊరికి పంపేటప్పుడు అడుగున గడ్డి పరుస్తాం. బుట్ట ఎక్కడైనా దబ్బున పడితే ఆ అదురు గడ్డి మింగుతుంది. హెల్మెట్టూ అంతే. పైనున్న గట్టి డిప్ప, బంతి దెబ్బను ఒక్క చోట గుచ్చుకోనివ్వకుండా వెడల్పుగా పంచుతుంది. లోపలి మెత్తటి పొర నలిగిపోతూ ఆ అదురును ఆలస్యం చేస్తుంది. పుర్రె పగలకుండా కాపాడటంలో దీన్ని మించింది లేదు. ముఖ్యంగా కణత దగ్గర. అక్కడ ఎముక చాలా పలచన. దాని లోపలి వైపునే ఒక ధమని నడుస్తుంది. ఎముక చిట్లితే ధమని తెగుతుంది. ఈ ప్రమాదం నుంచి హెల్మెట్టు కాపాడుతుంది. ఇకపోతే, తల ఒక్కసారిగా గిర్రున తిరిగినప్పుడు పుర్రెలోపల మెదడు కుదుపుకు లోనవుతుంది. దాన్నే కంకషన్ అంటారు. దీన్ని హెల్మెట్టు తగ్గించవచ్చుగాని పూర్తిగా ఆపలేదు. బ్యాట్స్‌మన్ వెనకున్న అంపైరుకు ముఖానికి జాలీ ఉన్నా, బ్యాటు అంచుకు తగిలి వచ్చిన బంతి ఆ జాలీకి కొడితే కళ్ళు బైర్లు కమ్మడం, తల దిమ్మెక్కడం మామూలే. 1996లో ఓబ్రయన్ అనే క్యాచర్, ఐస్ హాకీ గోల్ కీపరు ముసుగును చూసి తలంతా చుట్టుకునే ముసుగు ఒకటి తెచ్చాడు. కొందరు అంపైర్లు కూడా ఆ రకం వాడుతున్నారు.

మెడ విషయంలో క్రికెట్టు ఒక అడుగు ముందుంది. అదీ ఒక ప్రాణం పోయాకే. 2014 నవంబరులో సిడ్నీలో ఫిలిప్ హ్యూస్‌కు హెల్మెట్టు ఉంది. బంతి దాని అంచు కింద, ఎడమ చెవి దిగువన మెడకు తగిలింది. కూల్‌బాకు నలిగిన ధమనే ఇతనికీ నలిగింది. రెండు రోజులకు పోయాడు. ఆ తర్వాత హెల్మెట్టు వెనక తగిలించే మెడ కాపు వచ్చింది. 2023 అక్టోబరు నుంచి ఆస్ట్రేలియా బోర్డు ఫాస్ట్ బౌలింగ్‌ను ఎదుర్కొనే తన బ్యాట్స్‌మన్లకు దాన్ని తప్పనిసరి చేసింది.

అమెరికా గోల మనకెందుకని పేజీ తిప్పబోయేవారు ఒక్క నిమిషం ఆగండి. మన వీధి చివరి గ్రౌండులో వికెట్ల వెనక తెల్ల టోపీ పెట్టుకొని నిలబడేది ఎవరు? మీ నాన్నగారో, మీ పిల్లల డ్రిల్లు మాస్టారో. బ్యాట్స్‌మన్ తిన్నగా కొట్టిన బంతి మొదట వచ్చేది ఆయన మీదికే. 2015 డిసెంబరులో దిండిగల్‌లో తమిళనాడు, పంజాబ్‌ల రంజీ మాచ్‌లో అలాగే ఆస్ట్రేలియా నుంచి వచ్చిన అంపైరు జాన్ వార్డ్ తలకు బంతి తగిలింది. ఆసుపత్రిలో చేర్చారు. ఆయన తెలివైన మనిషి. మరుసటి జనవరిలో కాన్‌బెరాలో ఇండియా, ఆస్ట్రేలియా మాచ్‌కు హెల్మెట్టు పెట్టుకొని దిగారు. ఎవరూ నవ్వలేదు. 2016 డిసెంబరులో బొంబాయి వాంఖడే స్టేడియంలో పాల్ రీఫిల్ అనే అంపైరుకు వెనకనుంచి తగిలింది. బ్యాట్స్‌మన్ కొట్టింది కాదు, ఫీల్డరు విసిరింది. ఆయన మైదానం విడిచి వెళ్ళాల్సి వచ్చింది. వేల్స్ దేశంలో 2009లో ఒకరు, 2019లో మరొకరు, ఇద్దరూ డెబ్భై దాటిన అంపైర్లు, స్థానిక మాచ్‌లలో తగిలిన బంతులకు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రెండో ఆయన దెబ్బ తగిలిన నెల రోజులకు పోయారు.

ఈ వయసు సంగతే అసలు సంగతి. ఆడేవాడికి ఇరవై ఏళ్ళు. అంపైరుకు, కోచ్‌కు యాభయ్యో అరవయ్యో. వయసు మీరినకొద్దీ మెదడు కొంచెం కుంచించుకుపోతుంది. మెదడు నుంచి పై పొరలకు వెళ్ళే సన్నని సిరలు లాగి కట్టిన దారాల్లా బిగుసుకుంటాయి. కుర్రాడికి బొప్పి కట్టి ఊరుకునే దెబ్బకు పెద్దవాడికి ఆ సిర తెగవచ్చు. రక్తం బొట్టు బొట్టుగా కారుతుంది. రెండు మూడు వారాల తర్వాత తలనొప్పి, మగత, మాట తడబాటు, ఒక కాలు ఈడ్చడం కనిపిస్తాయి. ఇంట్లోవాళ్ళు "వయసు మీద పడింది" అనుకుంటారు. ఎప్పుడో తగిలిన బంతిని ఎవరూ గుర్తుచేసుకోరు. గుర్తుచేసుకొని స్కాను తీయిస్తే చిన్న ఆపరేషనుతో లేచి తిరిగే జబ్బు ఇది. గుండెకో పక్షవాతానికో రక్తం పలచబరిచే మాత్రలు వాడేవారికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అలాంటివారు తలకు చిన్న దెబ్బ తగిలినా, ఏ బాధా లేకపోయినా, అదే రోజు డాక్టరుకు చూపించుకోవాలి. వాడుతున్న మాత్రల చీటీ వెంట తీసుకుపోవాలి.

నా కథ ఒకటి చెబుతాను. చెప్పుకోదగ్గది కాదు. నేను హౌస్ సర్జనుగా ఉన్న రోజులు. ఒక ఆదివారం సాయంత్రం క్యాజువాల్టీకి ఒక మాస్టారు సైకిలు తొక్కుకుంటూ వచ్చారు. కుర్రాళ్ళ మాచ్‌కు అంపైరుగా నిలబడితే బంతి కణతకు తగిలిందట. ఒక నిమిషం కళ్ళు తిరిగాయి, తర్వాత ఏమీ లేదన్నారు. జోకులు కూడా వేశారు. కంటిపాపలు చూశాను, బాగానే ఉన్నాయి. గాయం కడిగి కట్టు కట్టి పంపేశాను. రాత్రి తొమ్మిదికి రిక్షాలో తెచ్చారు. స్పృహ లేదు. ఒక కంటిపాప పెద్దదై కదలిక లేకుండా ఉంది. ఆ ఊళ్ళో అప్పటికి స్కాను లేదు. పెద్దాసుపత్రికి పంపితే దారిలోనే పోయారు. "సాయంత్రం బాగానే ఉన్నారు కదండీ?" అని ఆయన భార్య నన్ను అడిగింది. ఏ లక్షణాలు కనిపిస్తే పరుగెత్తుకు రావాలో సాయంత్రం నేను ఆయనకు చెప్పలేదు. ఇంట్లోవాళ్ళను పిలిపించి చెప్పనూ లేదు. ఆ తప్పు నాది.

ఆ "బాగానే ఉన్న" సమయమే మోసం చేసేది. కణత లోపలి ధమని తెగినప్పుడు రక్తం పుర్రెకూ మెదడు పై పొరకూ మధ్య చేరుతుంది. కొంతసేపు మెదడు ఓర్చుకుంటుంది. మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు. కొన్ని నిమిషాలకో కొన్ని గంటలకో ఒత్తిడి పెరిగి ఒక్కసారిగా కూలిపోతాడు. మన మాజీ టెస్ట్ ఆటగాడు రమణ్ లాంబా 1998 ఫిబ్రవరిలో ఢాకాలో బ్యాట్స్‌మన్‌కు అతి దగ్గరగా ఫీల్డింగ్ చేస్తున్నాడు. హెల్మెట్టు తెప్పించనా అంటే, ఓవరులో మూడు బంతులే ఉన్నాయిగా అన్నాడట. బంతి తలకు తగిలింది. తన కాళ్ళమీద తానే నడిచి బయటికి వెళ్ళాడు. కాసేపటికి స్పృహ తప్పింది. మూడో రోజుకు పోయాడు.

అందుచేత తలకు బంతి తగిలిన మనిషి, ఆటగాడైనా అంపైరైనా కోచ్ అయినా, ఆ రోజు మళ్ళీ మైదానంలోకి దిగకూడదు. స్కూటరు, కారు తానే నడుపుకుంటూ ఇంటికి పోకూడదు. కనీసం మొదటి 24 గంటలు పక్కన ఒక మనిషి ఉండాలి. నిద్రపోనివ్వకూడదని మనవాళ్ళు రాత్రంతా కాఫీలు పట్టిస్తుంటారు. అక్కర్లేదు. నిద్రపోవచ్చు. కాని మధ్యమధ్య లేపి పేరు, ఊరు అడగండి. లేపితే సరిగా లేవకపోయినా, తలనొప్పి అంతకంతకూ పెరుగుతున్నా, వాంతులు మళ్ళీ మళ్ళీ అవుతున్నా, మాట ముద్దగా వస్తున్నా, ఒక చెయ్యో కాలో బలం తగ్గినా, ఫిట్సు వచ్చినా, ముక్కునుంచో చెవినుంచో నీరో నెత్తురో కారినా తెల్లవారేదాకా ఆగకండి. 108కి ఫోను చేసి స్కాను ఉన్న ఆసుపత్రికి తీసుకుపొండి. దెబ్బ తగలగానే కొన్ని క్షణాలైనా స్పృహ తప్పినవాడిని, ఏం జరిగిందో గుర్తులేనివాడిని ఈ లక్షణాలు వచ్చేదాకా ఆగకుండానే తీసుకుపోవాలి. తలనొప్పికి పారాసెటమాల్ ఇవ్వవచ్చు. ఆస్పిరిన్, బ్రూఫెన్ జాతి మాత్రలు వద్దు, అవి నెత్తురు కారడాన్ని పెంచుతాయి. బొప్పి కట్టిన చోట కొబ్బరినూనె రాసి అరచేత్తో అదిమే అలవాటొకటి ఉంది. లోపల ఎముక పగిలి ఉంటే ఆ అదమడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. గుడ్డలో ఐసు ముక్కలు చుట్టి ఊరికే ఆనించండి, చాలు. మెడ నొప్పి ఉన్నా, చేతులు తిమ్మిరెక్కినా మనిషిని లేపి కూర్చోబెట్టకండి. ఉన్నచోటనే కదలకుండా పడుకోనివ్వండి. ఫిట్సు వస్తే చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టే బదులు పక్కకు తిప్పి పడుకోబెట్టండి. అప్పుడు కూడా తల, మెడ, ఒళ్ళు ఒక్కటిగా తిరిగేట్టు ఇద్దరు పట్టుకోండి.

హెల్మెట్టు పెట్టుకుంటే బ్యాటు అంచుకు బంతి తగిలిన చప్పుడు వినపడదని అంపైర్లు అంటారు. మోటారు సైకిలు హెల్మెట్టు పెట్టుకుంటే నిజంగానే వినపడదు. అది ఈ పనికి రాదు. క్రికెట్టు హెల్మెట్టుకు చెవి దగ్గర సందులుంటాయి, ముందు జాలీ ఉంటుంది. మే నెల ఎండలో ఉక్కపోత మాత్రం తప్పదు. అందుకు ఓవర్ల మధ్య తీసి తుడుచుకోవడం తప్ప నాకు మరో ఉపాయం తెలియదు. కొనేటప్పుడు ధర కన్నా ముందు కొలత చూడండి. తల అటూ ఇటూ ఊపితే హెల్మెట్టు కదలకూడదు. ఒకసారి గట్టి దెబ్బ తిన్నదాన్ని, పైకి పగులు కనిపించకపోయినా, అవతల పారేయాలి. లోపలి మెత్తటి పొర ఒకసారి నలిగితే మళ్ళీ లేవదు.

ఇక తెనాలి పెద్దాయనగారూ, మీ అబ్బాయికి. బాబూ, అమెరికాలో లిటిల్ లీగ్ నియమాల ప్రకారం బేస్ పక్కన కోచ్‌గా నిలబడే పిల్లవాడు హెల్మెట్టు పెట్టుకొని తీరాలి. పెద్దవాళ్ళకు మాత్రం ఇష్టమైతే పెట్టుకోవచ్చు. ఆ "ఇష్టం" నాకు అర్థం కాదు. పదేళ్ళ మనిషికి ప్రమాదమైన బంతి నలభై ఏళ్ళ మనిషికి ఎందుకు కాదు? డిప్పవంటిది కాకుండా, రెండు చెవులూ కప్పే బ్యాట్స్‌మన్ హెల్మెట్టే కొనుక్కో. దాని మీద నాక్సే ముద్ర ఉందో లేదో చూసుకో. ప్రాక్టీసులో పిల్లలకు నువ్వే బంతులు వేస్తావు కాబోలు. అప్పుడు దూరం ఇంకా తక్కువ. ఎల్ అక్షరం ఆకారంలో ఉండే వల చట్రం దొరుకుతుంది. బంతి వేసి దాని వెనక్కి జరగాలి. మరొకటి. పిల్లవాడి ఛాతీకి బంతి తగిలి కుప్పకూలితే తల గురించి ఆలోచించకు. గుండె లయ తప్పి ఆగిపోయి ఉండవచ్చు. ఎవరినైనా 911కు ఫోను చెయ్యమని, వెంటనే రొమ్ము మీద నొక్కడం మొదలుపెట్టాలి. గుండెకు షాక్ ఇచ్చే పెట్టె మీ గ్రౌండులో ఎక్కడ ఉందో ఈ శనివారమే కనుక్కో.

పెద్దాయనగారూ, మీ సంగతి. మనవడి ఆట చూడాలని మీకుంటుంది. మొదటి బేస్ పక్కన, కొడుకు వెనకాల కుర్చీ వేసుకొని కూర్చుంటారేమోనని నా భయం. మాత్రలు వాడుతున్న మీకు ఆ చోటు పనికిరాదు. 2018లో లాస్ ఏంజిలిస్ డాడ్జర్ స్టేడియంలో గ్యాలరీలో కూర్చున్న ఒక వృద్ధురాలికే గతి తప్పిన బంతి తగిలి, నాలుగు రోజులకు ప్రాణం పోయింది. బ్యాట్స్‌మన్ వెనక ఎత్తయిన తీగ వల ఉంటుంది. కుర్చీ దాని వెనక వేయించుకోండి. ఆట అక్కడినుంచే బాగా కనిపిస్తుంది. అలాగని వలకు ముఖం ఆనించి చూడకండి, బంతి తగిలితే వల లోపలికి ఉబ్బుతుంది. మీ మాత్రల పేరు, మోతాదు ఒక చీటీ మీద ఇంగ్లీషులో రాయించి చొక్కా జేబులో ఉంచుకోండి.